బ్రేకు లివరు, క్యాలిపరు: ఏది దేనికి జత?

సరిహద్దు గ్రామాలలోని కొన్ని ఇళ్లలో ఒకే పంచన మూడు రకాల సైకిళ్లు కనిపిస్తాయి. తాతగారి కాలంనాటి నల్లని పెద్ద సైకిలుకు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు ఉంటాయి. బడికి వెళ్లే పిల్లల గేర్ల సైకిలుకు చక్రానికి ఇరువైపులా నిలువుగా నిలిచిన రెండు పొడవైన చేతులు ఉంటాయి; దీనిని వీ-బ్రేకు అంటారు. బెంగళూరులోనో పుణేలోనో ఉద్యోగం చేసే కుమారుడు కొంతకాలం తొక్కి ఇంటికి పంపిన రేసు సైకిలుకు పొట్టేలు కొమ్ముల వలె వంగిన హ్యాండిలు, చక్రం పైభాగాన చిన్న పటకారు వంటి క్యాలిపరు బ్రేకు ఉంటాయి.

ఈ మూడింటిలో దేనికైనా బ్రేకు లివరు విరిగితే దుకాణంలో ఉన్న మరొక లివరును బిగించి పంపడం సాధారణం. చాలా సందర్భాలలో అది చక్కగా బిగుస్తుంది కూడా. తిన్నని హ్యాండిలు గొట్టం లివరు బిగించే చోట 22.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ కొలతకు చేసిన లివరు ఏ బ్రేకు కోసం తయారైనదైనా అక్కడ పడుతుంది. అయితే హ్యాండిలుకు పట్టడం వేరు, చక్రాన్ని ఆపడం వేరు. జత కుదరని లివరు దుకాణం ముందు బాగానే ఉన్నట్లు అనిపించి, ఏటవాలు రోడ్డులో లారీ ఎదురైనప్పుడు తన అసలు గుణాన్ని బయటపెడుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండడం అవసరం.

కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఏ భాషలో అడిగినా ‘బ్రేకు లివరు’ అన్న మాట దుకాణదారుకు అర్థమవుతుంది. ఇబ్బంది భాషలో లేదు. ఆ ఒక్క మాట రెండు వేర్వేరు వస్తువులను సూచించడంలో ఉంది.

బలమూ దూరమూ

పాఠశాల భౌతికశాస్త్రంలో తులాదండం పాఠం చదివిన పిల్లలకు ఈ విషయం సులువుగా బోధపడుతుంది. సైకిలు బ్రేకులో రెండు మీటలు ఉన్నాయి. మొదటిది చేతి దగ్గర లివరు. రెండవది చక్రం దగ్గర బ్రేకు చేయి. రెండింటినీ ఉక్కు తీగ కలుపుతుంది. ఏ మీట అయినా బలాన్ని పెంచితే కదిలే దూరాన్ని అదే లెక్కన తగ్గిస్తుంది. దూరాన్ని పెంచితే బలాన్ని తగ్గిస్తుంది. రెండూ ఒకేసారి పెంచే మీట లేదు.

లివరులో రెండు రకాలున్నాయి. ఒకటి తీగను కొద్ది దూరం, ఎక్కువ బలంతో లాగుతుంది. దీనిని షార్టు పుల్ లివరు అంటారు. రెండవది తీగను దాదాపు రెట్టింపు దూరం, సగం బలంతో లాగుతుంది. ఇది లాంగు పుల్ లివరు. క్యాలిపరు బ్రేకుకు మొదటిది కావాలి. వీ-బ్రేకుకు రెండవది కావాలి. వీ-బ్రేకు చేతులు పొడవుగా ఉండి బలాన్ని తామే పెంచుకుంటాయి. అందువల్ల వాటికి తీగ ఎక్కువ దూరం కదలాలి, అంత బలం అక్కరలేదు.

లెక్క సులువు కోసం గుండ్రని అంకెలు తీసుకుందాం. చేయి లివరును 10 కిలోల బలంతో 40 మిల్లీమీటర్లు నొక్కిందనుకుందాం. షార్టు పుల్ లివరు బలాన్ని నాలుగింతలు చేస్తే తీగపై 40 కిలోల బలం పడుతుంది, తీగ 10 మిల్లీమీటర్లు కదులుతుంది. క్యాలిపరు దానిని ఉన్నదున్నట్లు చక్రానికి చేర్చిందనుకుంటే, రెండు రబ్బర్ల మధ్య దూరం 10 మిల్లీమీటర్లు తగ్గి, 40 కిలోల బిగింపు వస్తుంది. లాంగు పుల్ లివరు రెండింతలే చేస్తుంది. తీగపై 20 కిలోలు పడతాయి, కదలిక 20 మిల్లీమీటర్లు. వీ-బ్రేకు చేయి మళ్లీ రెండింతలు చేస్తుంది. చివరికి వచ్చేది అదే 40 కిలోలు, అదే 10 మిల్లీమీటర్లు. దారులు వేరైనా ఫలితం ఒక్కటే.

ఇప్పుడు జత మార్చి చూద్దాం. లాంగు పుల్ లివరుకు క్యాలిపరును కలిపితే రెండింతలకు మించి బలం రాదు. అదే చేయి అంతే బలంతో నొక్కినా చక్రంపై 20 కిలోల బిగింపే పడుతుంది. అంటే బ్రేకు సగమైంది. షార్టు పుల్ లివరుకు వీ-బ్రేకును కలిపితే లెక్క ప్రకారం 80 కిలోలు వస్తుంది, కాని రబ్బర్లు కలిసి 5 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతాయి. ఒక్కొక్క రబ్బరుకూ రిమ్ముకూ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉంచితే, ఆ సందు మూయడానికే 4 మిల్లీమీటర్లు ఖర్చవుతాయి. మిగిలిన ఒక్క మిల్లీమీటరు తీగ సాగడానికీ, రబ్బరు నలగడానికీ చాలదు. లివరు వచ్చి హ్యాండిలుకు తగిలి ఆగిపోతుంది. తగిలిన తర్వాత ఎంత గట్టిగా పిండినా ఆ బలం హ్యాండిలు మీదనే పడుతుంది, చక్రం మీద పడదు.

చేతిని మోసగించే బ్రేకు

ఈ రెండు తప్పులలో మొదటిదే ఎక్కువ ప్రమాదకరం. కారణం విచిత్రమైనది. లాంగు పుల్ లివరును క్యాలిపరుకు తగిలించి నొక్కి చూస్తే అది చాలా గట్టిగా, రాయిలా, మంచి బ్రేకు వలె తగులుతుంది. కొద్దిగా నొక్కగానే రబ్బర్లు రిమ్మును పట్టుకుంటాయి, లివరు ఇక కదలదు. సైకిలు కొనేవారు సామాన్యంగా చేసే పరీక్ష కూడా అదే: లివరు నొక్కి, గట్టిగా ఉంటే తృప్తిపడతారు. నిజానికి ఆ గట్టితనం బలానికి గుర్తు కాదు, బలం పెరగలేదని చెప్పే గుర్తు. చేతికి మెత్తగా, కొంచెం సాగినట్లు అనిపించే బ్రేకు సరైన జత అయితే దానికంటె ఎంతో త్వరగా ఆపుతుంది.

పెద్దవారి చేతిలో ఈ లోపం కొంతవరకు మరుగున పడుతుంది. పిడికిలిలో బలం ఉంది గనుక రెట్టింపు పిండి నెట్టుకొస్తారు. పదేళ్ల పిల్లకు ఆ అవకాశం లేదు. తండ్రి తొక్కి చూసి ‘బాగానే ఉంది’ అన్న సైకిలు కూతురికి ఆగకపోవచ్చు. రాయగడ, కొరాపుట్ కొండ రోడ్ల వంటి చోట్ల ఈ తేడా చదునైన యానాం వీధులలో కంటె ముందే తెలుస్తుంది.

రెండవ తప్పు తనను తాను బయటపెట్టుకుంటుంది. లివరు హ్యాండిలుకు తగలడం కంటికి కనిపిస్తుంది. అయితే దానిని సరిచేయబోయి రబ్బర్లను రిమ్ముకు అంటుకునేంత దగ్గరగా బిగించే అలవాటు ఉంది. అప్పుడు లివరు తగలదు, బ్రేకు పనిచేసినట్లే ఉంటుంది. చక్రానికి రవ్వంత వంకర వచ్చినా రబ్బరు రాసుకుంటుంది. నెల తిరిగేసరికి రబ్బరు అరిగి సందు పెరుగుతుంది, లివరు మళ్లీ హ్యాండిలును తాకుతుంది. పైగా సందు ఉన్నంతకాలం ఆ జత బలం అతిగా ఉండి, ముందు చక్రం ఒక్కసారిగా బిగిసి మనిషి హ్యాండిలు మీదుగా పడే అవకాశం కూడా ఉంది.

ఏ లివరో గుర్తించడం

తిన్నని హ్యాండిలు లివరును గుర్తించడానికి స్కేలు చాలు. లివరు తిరిగే ఇరుసు నుంచి తీగ తల కూర్చున్న గుంట వరకు కొలవాలి. ఆ దూరం సుమారు 30 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉంటే అది లాంగు పుల్, స్పష్టంగా తక్కువ ఉంటే షార్టు పుల్. కొన్ని లివర్లలో తీగ తలను రెండు చోట్ల అమర్చుకునే ఏర్పాటు ఉంటుంది. అవి రెండు రకాల బ్రేకులకూ పనికివస్తాయి, కాని సరైన స్థానంలో అమర్చారో లేదో చూడాలి.

వంగిన హ్యాండిలు లివర్లకు ఈ కొలత పనిలేదు. అవి దాదాపు అన్నీ షార్టు పుల్ రకమే. టెక్ట్రో సంస్థ చేసిన ఆర్‌ఎల్ 520 వంటివి వీ-బ్రేకు కోసం ప్రత్యేకంగా వచ్చిన లివర్లు. రేసు సైకిలుకు కొన్న లివరును పిల్లల సైకిలుకూ, పిల్లల సైకిలు లివరును రేసు సైకిలుకూ మార్చరాదనడానికి ఇదే మూలకారణం.

వీ-బ్రేకును షిమనో సంస్థ 1996లో పర్వత సైకిళ్ల కోసం తెచ్చింది. అంతకు ముందు అదే స్థానంలో క్యాంటిలివర్ అనే బ్రేకు ఉండేది. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి, చక్రానికి ఇరువైపులా బిగుస్తాయి, కాని క్యాంటిలివర్‌కు షార్టు పుల్ లివరే కావాలి. తేడా తీగలో కనిపిస్తుంది. వీ-బ్రేకులో తీగ ఒక పక్క నుంచి వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టం గుండా వచ్చి రెండు చేతుల కొసలను అడ్డంగా కలుపుతుంది. క్యాంటిలివర్‌లో తీగ పైనుంచి దిగి, మధ్యలో రెండుగా చీలినట్లు త్రిభుజాకారంలో రెండు చేతులనూ లాగుతుంది.

రేసు సైకిళ్లలోనే మరొక తేడా

రేసు సైకిలు లివరూ రేసు సైకిలు క్యాలిపరూ అయితే చాలునని అనుకోవచ్చు. చాలావరకు నిజమే. షిమనో పాత క్యాలిపరుతో ఇటలీకి చెందిన కాంపాగ్నోలో లివరు వాడేవారు ఎందరో ఉన్నారు, ఇబ్బంది లేదు. కాని షిమనోలోనే ఒక గీత ఉంది. 2008లో వచ్చిన డ్యూరా-ఏస్ 7900 శ్రేణి నుంచి ఆ సంస్థ లివరు తీగను లాగే దూరాన్ని కొంత పెంచి, దానికి తగినట్లు క్యాలిపరు చేతుల నిష్పత్తినీ మార్చింది. తర్వాత అల్టెగ్రా 6700, 105 శ్రేణిలో 5700 అదే దారి పట్టాయి. తక్కువ ధర శ్రేణులు మరికొంత ఆలస్యంగా మారాయి.

ఫలితంగా కొత్త లివరుకు పాత క్యాలిపరును కలిపితే పైన చెప్పిన మొదటి తప్పే చిన్న మోతాదులో జరుగుతుంది: గట్టిగా తగిలి తక్కువగా ఆపుతుంది. పాత లివరుకు కొత్త క్యాలిపరును కలిపితే బ్రేకు పదునుగా పట్టుకుంటుంది, రబ్బర్ల కదలిక మాత్రం తగ్గుతుంది. వీ-బ్రేకు విషయంలో ఉన్నంత తేడా ఇక్కడ లేదు. అలవాటున్న పెద్దవారు రెండవ కలయికతో నెట్టుకురాగలరు. మొదటి కలయికను, ముఖ్యంగా ముందు చక్రానికి, వాడకపోవడమే మంచిది. వాడిన సైకిలు కొనేటప్పుడు లివరు లోపలి వైపునా, క్యాలిపరు చేయి వెనుకభాగానా ముద్రించిన నమూనా సంఖ్యలను రాసుకుని రెండూ ఒకే తరానివో కావో పోల్చుకోవాలి. ఆకారం చూసి తరాన్ని పోల్చడం నమ్మదగిన పద్ధతి కాదు.

క్యాలిపరులోనే ఒక ఇరుసుతో తిరిగేవి, రెండు ఇరుసులతో తిరిగేవి అని రెండు రకాలున్నాయి. 1990 దశకం నుంచి రేసు సైకిళ్లలో రెండు ఇరుసులవే ఎక్కువ. వీటికి బలం ఎక్కువ. పాత సైకిలుకు ఉన్న ఒంటి ఇరుసు క్యాలిపరు తీసి దీనిని వేస్తే లివరు మార్చకుండానే బ్రేకు మెరుగుపడుతుంది. అయితే అది రిమ్మును అందుకోవాలి.

అందుబాటు కొలత

క్యాలిపరును బిగించే రంధ్రం మధ్య నుంచి రిమ్ము పక్కగోడ మధ్య వరకు ఉండే దూరాన్ని కొలవాలి. దానిని బట్టి క్యాలిపరును ఎంచుకోవాలి. సాధారణ రేసు క్యాలిపరు 39 నుంచి 49 మిల్లీమీటర్ల వరకు అందుతుంది. మధ్యరకం 47 నుంచి 57 వరకు, పొడవైనది 55 నుంచి 73 వరకు. చేయి పొడవయ్యేకొద్దీ బలం కొంత తగ్గుతుంది గనుక అవసరానికి మించిన పొడవు తీసుకోకూడదు.

చక్రం మార్చినప్పుడు ఈ కొలత మారిపోతుంది. నేటి రేసు సైకిలు చక్రం 700సి. దాని రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 622 మిల్లీమీటర్లు. పాత 27 అంగుళాల రేసు చక్రానికి అదే వ్యాసం 630. దేశవాళీ నల్ల సైకిలు 28 అంగుళాల చక్రానికి 635. పాత 27 అంగుళాల సైకిలులో 700సి చక్రం పెడితే రిమ్ము 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. రబ్బర్లు అంతమేరకు దిగే వీలు లేకపోతే అవి టైరును రాస్తాయి. టైరు పక్కగోడ చిరిగి ట్యూబు పేలడానికి ఎంతో సేపు పట్టదు.

తాతగారి సైకిలు సంగతి వేరు. కడ్డీ బ్రేకులో రబ్బరు రిమ్మును పక్కనుంచి పట్టుకోదు, లోపలి వైపు నుంచి, పుల్లలు బిగించిన ముఖంపై, పైకి లాగి ఒత్తుతుంది. ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి. క్యాలిపరు రబ్బరు ఆనడానికి చదునైన గోడే ఉండదు. కాబట్టి ‘కడ్డీలు తీసేసి కొత్త రకం బ్రేకు వేయండి’ అంటే చక్రాలు కూడా మార్చవలసిందే. కడ్డీల కీళ్లకు నూనె వేసి, రబ్బర్లు మార్చి, అదే బ్రేకును నడిపించడం చౌక. ఉక్కు రిమ్ము తడిస్తే దాని బ్రేకు బాగా పడిపోతుంది. అల్యూమినియం రిమ్ముకు ఆ లోపం చాలా తక్కువ. వానకాలంలో నల్ల సైకిలు తొక్కేవారికి ఇది చెప్పనక్కరలేదు.

తీగ, తొడుగు

లివరు, క్యాలిపరు సరిపోయినా తీగలో పొరపాటు జరగవచ్చు. తిన్నని హ్యాండిలు లివరుకు తీగ తల చిన్న పీపా ఆకారంలో ఉంటుంది. వంగిన హ్యాండిలు లివరుకు జామకాయ వలె ఒకవైపు సన్నగిల్లి ఉంటుంది. కొన్ని తీగలకు రెండు కొసలా రెండు రకాల తలలు ఉంటాయి, అక్కరలేనిది కత్తిరించాలి. గుంటలో సరిగా కూర్చోని తలను సుత్తితో కొట్టి దిగవేయడం, ఆకురాయితో అరగదీయడం ప్రమాదకరం. ఒకరోజు గట్టిగా నొక్కినప్పుడే అది జారి బయటికి వస్తుంది.

అంతకంటె పెద్ద పొరపాటు తొడుగులో జరుగుతుంది. బ్రేకు తీగ తొడుగులో ఉక్కు పట్టీ స్ప్రింగు వలె చుట్టుకుని ఉంటుంది. గేరు తీగ తొడుగులో సన్నని ఉక్కు తీగలు నిలువుగా పక్కపక్కన ఉంటాయి. గేరు తొడుగు మామూలుగా 4 మిల్లీమీటర్లు, బ్రేకు తొడుగు 5 మిల్లీమీటర్ల మందం. నిలువు తీగల తొడుగును బ్రేకుకు వాడితే గట్టిగా నొక్కినప్పుడు పైనున్న ప్లాస్టిక్కు పగిలి లోపలి తీగలు గడ్డిపోచల్లా విచ్చుకుంటాయి, బ్రేకు ఆ క్షణమే పోతుంది. తీగల విషయంలోనూ అంతే. గేరు తీగ సుమారు 1.2 మిల్లీమీటర్లు, బ్రేకు తీగ 1.5 లేదా 1.6 మిల్లీమీటర్లు. దుకాణంలో బ్రేకు తొడుగు అయిపోయిందని గేరుది వేస్తామంటే ఆ రోజుకు సైకిలును నడిపించుకుని ఇంటికి రావడమే మేలు.

జత కలపడానికి మార్గాలు

సరిపోని జత ఇప్పటికే ఇంట్లో ఉంటే అన్నింటికంటె చౌకైన మార్గం లివరును మార్చడం. తిన్నని హ్యాండిలుతో క్యాలిపరు బ్రేకు ఉన్నవారు షార్టు పుల్ లివరు అని స్పష్టంగా అడగాలి. పేరు తెలియని చోట స్కేలు వెంట తీసుకువెళ్లి ఇరుసు నుంచి గుంట వరకు కొలిచి కొనవచ్చు. వంగిన హ్యాండిలు, గేరు మీటలు కలిసి ఉన్న ఖరీదైన లివర్లను మార్చలేనప్పుడు వీ-బ్రేకు చేతులను మార్చవచ్చు. మామూలు వీ-బ్రేకు చేయి 100 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. 80 నుంచి 90 మిల్లీమీటర్ల పొట్టి చేతులు గలవి మినీ-వీ పేరిట దొరుకుతాయి. ఇవి షార్టు పుల్ లివరుతో నడుస్తాయి, కాని లావు టైరుకూ మడ్‌గార్డుకూ చోటు చాలదు. ట్రావెల్ ఏజెంట్ అనే చిన్న కప్పీ కూడా ఉంది. లివరు నుంచి వచ్చిన తీగ దాని చిన్న చక్రానికి చుట్టుకుని, పెద్ద చక్రం నుంచి రెట్టింపు దూరం లాగుతూ బయటికి వెళుతుంది. ఉపాయం చక్కనిదే. తీగ మాత్రం ఆ మలుపు దగ్గర త్వరగా తెగుతుంది, తరచూ చూసుకోవాలి.

తీగతో పనిచేసే డిస్కు బ్రేకులకూ ఇదే విభజన వర్తిస్తుంది. ఒకే పేరుతో అమ్మే ఏవిడ్ బీబీ7 బ్రేకుకు రోడ్డు రకం, పర్వత రకం వేర్వేరుగా ఉండడానికి కారణం లివరు లాగే దూరమే.

కుడి ఎడమల మాట ఒకటి మిగిలింది. ఎడమపక్క నడిచే దేశాలలో కుడిచేతి లివరు ముందు చక్రానికి కలపడం వాడుక; మన మోటారు సైకిలు ముందు బ్రేకు కూడా కుడిచేతిదే. అమెరికాలో ఎడమచేతిది ముందు చక్రానికి వెళుతుంది. విదేశం నుంచి తెచ్చుకున్న సైకిలును ఇంట్లో మరొకరికి ఇచ్చే ముందు ఏ లివరు ఏ చక్రానిదో చూపించాలి, లేదా తీగలు మార్పించాలి.

బిగింపు పూర్తయిన తర్వాత చేసే పరీక్ష చేతితో నొక్కి చూడడంతో ఆగకూడదు. సైకిలు పక్కన నిలబడి నడకవేగంతో ముందుకు నెడుతూ ముందు బ్రేకు మాత్రమే నొక్కాలి. ముందు చక్రం ఆగి, వెనుక చక్రం నేల నుంచి లేవాలి. తర్వాత వెనుక బ్రేకు నొక్కి నెడితే వెనుక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. ఈ రెండు పరీక్షలనూ ఆ సైకిలు తొక్కబోయే పిల్ల లేదా పిల్లవాడి చేతనే, వారి రెండు వేళ్ల బలంతోనే చేయించాలి. చివరగా లివరును బలమంతా పెట్టి నాలుగైదుసార్లు పిండాలి. తీగ జారేదైతే, తొడుగు పగిలేదైతే, అది ఇంటి ముందే జరుగుతుంది. కొత్త తీగ మొదటి కొద్ది రోజులలో కొంత వదులవుతుంది. అప్పుడు తొడుగు కొసన ఉన్న మరను రెండు మూడు చుట్లు బయటికి తిప్పితే సందు మళ్లీ మొదటి కొలతకు వస్తుంది.